కడలి గీతలు – 6: వంపు తీరం, మూడు దేశాలు

బంగాళాఖాతం ఉత్తర కొస గిన్నె అంచులా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపుకు పడమట భారత్, తూర్పున మయన్మార్, నడుమ లోపలికి నొక్కుకుపోయిన చోట బంగ్లాదేశ్. 1974లో మొదలై 2014 దాకా నలిగిన సముద్ర సరిహద్దు వివాదానికి మూలం ఈ ఆకారమే. నలభై ఏళ్లలో ఈ మూడు దేశాల అధికారులు ఎన్నోసార్లు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒకసారి యుద్ధనౌకలు ఎదురెదురుగా నిలిచాయి. చివరికి రెండు అంతర్జాతీయ న్యాయపీఠాలు తీర్పు చెప్పవలసి వచ్చింది. పోరంతా నీటిలోని చేపల కోసం, అడుగున ఉన్న గ్యాస్ కోసం. ఎవరి వాటా ఎంత అన్నది మాత్రం తీరం గీసిన వంపులోనే దాగి ఉంది.

నేల మీది గీత నీళ్లలోకి

సముద్ర సరిహద్దు ఒడ్డున మొదలవుతుంది. రెండు దేశాల భూసరిహద్దు కడలిని తాకే బిందువు తేలితే తప్ప నీటిమీద గీత మొదలుకాదు. భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య ఆ బిందువు సుందరబన్ మడ అడవుల్లో, రాయమంగళ్, హరియాభంగా నదుల మొగ దగ్గర ఉంది. 1947 ఆగస్టులో సిరిల్ రాడ్‌క్లిఫ్ బెంగాల్‌ను విభజించినప్పుడు ఈ ప్రాంతంలో కొత్త గీత గీయలేదు. ఇరవై నాలుగు పరగణాలు, ఖుల్నా జిల్లాల మధ్య అప్పటికే ఉన్న హద్దునే దేశాల హద్దుగా నిర్ణయించాడు. ఆ జిల్లా హద్దును 1925లో బెంగాల్ ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ద్వారా ప్రకటించింది. దాని ప్రకారం ఇచ్ఛామతి, కాళింది, రాయమంగళ్, హరియాభంగా నదుల ప్రధాన పాయ నడిమధ్య భాగమే హద్దు.

జిల్లా పాలనకు ఆ వర్ణన సరిపోయింది. దేశ సరిహద్దుకు సరిపోలేదు. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులు కలిసి ఏటా సుమారు వంద కోట్ల టన్నుల ఒండ్రును బంగాళాఖాతంలోకి మోసుకొస్తాయి. ఒక తుఫానుకు పాయ పక్కకు జరుగుతుంది, ఒక వరదకు కొత్త దిబ్బ తేలుతుంది, మరో వరదకు కొట్టుకుపోతుంది. నది జరిగితే హద్దూ జరుగుతుందా, 1947లో ఉన్న చోటే ఉంటుందా? ప్రధాన పాయ ఏది? ఈ ప్రశ్నలకు ఢిల్లీ ఒక జవాబు చెప్పింది, ఢాకా మరొకటి చెప్పింది.

1974: చట్టం, చమురు, అభ్యంతరం

1971లో స్వతంత్రమైన బంగ్లాదేశ్ యుద్ధంలో చితికిపోయి ఉంది. రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచ చమురు ధరలు నాలుగింతలయ్యాయి. భూమి తక్కువ, జనం ఎక్కువ ఉన్న ఆ దేశానికి సముద్రం ఆశగా కనిపించింది. షేక్ ముజిబుర్ రహ్మాన్ ప్రభుత్వం 1974 ఫిబ్రవరిలో ప్రాదేశిక జలాలు, సముద్ర మండలాల చట్టం తెచ్చింది. దక్షిణాసియాలో ఇలాంటి సమగ్ర చట్టాల్లో ఇది మొదటి వరుసలోది. భారత్ చట్టం 1976లో, బర్మా (నేటి మయన్మార్) చట్టం 1977లో వచ్చాయి.

ఆ చట్టం కింద బంగ్లాదేశ్ ఒక అసాధారణమైన పని చేసింది. సముద్ర మండలాలను కొలవడానికి ప్రతి దేశమూ ఒడ్డు వెంబడి ఒక ఆధార రేఖను ఎంచుకుంటుంది. తన ఒడ్డు నిలకడగా ఉండదు కనుక బంగ్లాదేశ్ ఒడ్డును వదిలి, నీటి లోతు పది బారలు, అంటే 60 అడుగులు ఉన్న చోట్లను కలుపుతూ ఆధార రేఖ గీసుకుంది. ఆ రేఖ సముద్రంలో చాలా లోపలికి వెళ్లింది. భారత్, బర్మా రెండూ ఒప్పుకోలేదు. అదే ఏడాది బంగ్లాదేశ్ ఆరు విదేశీ కంపెనీలతో చమురు అన్వేషణ ఒప్పందాలు కుదుర్చుకుంది. వాటిలో పడమటి బ్లాకులు తమ జలాల్లోకి చొచ్చుకొచ్చాయని భారత్ అభ్యంతరం చెప్పింది. 1977లో కుతుబ్దియా దగ్గర గ్యాస్ దొరికినా, ఆ దశాబ్దం ముగిసేలోపే కంపెనీలు వెళ్లిపోయాయి. హద్దు తేలని నీటిలో కోట్ల డాలర్లు పెట్టడానికి ఎవరూ ముందుకు రారన్న సంగతి బంగ్లాదేశ్‌కు అప్పుడే అర్థమైంది.

ఈలోగా సముద్ర చట్టమే మారిపోతూ వచ్చింది. 1982లో కుదిరి 1994 నవంబరులో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక తీరదేశాలకు మూడు అంచెల హక్కులిచ్చింది. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ప్రాదేశిక జలాలు, వాటిపై దాదాపు నేల మీద ఉన్నంత అధికారం. 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలి, అందులో చేపలు, ఖనిజాలు తీరదేశానివే. ఆ పైన కూడా ఖండతీరపు అంచు సహజంగా సాగి ఉంటే, అడుగు నేల మీద హక్కు. హిమాలయాల ఒండ్రు వేల కిలోమీటర్లు పరుచుకున్న బంగాళాఖాతంలో ఈ మూడో అంచె చాలా విలువైనది.

సమదూరమా, సమన్యాయమా

మూడు దేశాల చర్చల్లో మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్న ఒకటే: గీత ఏ పద్ధతిలో గీయాలి? భారత్, మయన్మార్‌లు సమదూర రేఖను కోరాయి. రెండు తీరాల్లోని దగ్గరి బిందువుల నుంచి సమాన దూరంలో ఉన్న చోట్లన్నీ కలిపితే వచ్చే గీత అది. చూడ్డానికి ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదనిపిస్తుంది. తీరం తిన్నగా ఉన్న చోట అది నిజమే.

వంపు తిరిగిన తీరంలో అదే పద్ధతి తారుమారు ఫలితం ఇస్తుంది. వంపు మధ్యలో ఉన్న దేశానికి రెండు పక్కలా ముందుకు పొడుచుకొచ్చిన తీరాలుంటాయి. రెండు సమదూర రేఖలు ఒకదానివైపు ఒకటి వాలి, సముద్రంలో కొంత దూరం వెళ్లాక కలిసిపోతాయి. మధ్య దేశానికి మిగిలేది ఒక త్రికోణపు ముక్క. బంగ్లాదేశ్ విషయంలో ఆ త్రికోణం 200 మైళ్లు చేరకముందే మూసుకుపోయేది. ఖండతీరపు అంచు మాట అటుంచి, ఆర్థిక మండలి కూడా పూర్తిగా దక్కేది కాదు.

ఇలాంటి కష్టమే ఐరోపాలో పశ్చిమ జర్మనీకి వచ్చింది. ఉత్తర సముద్రపు వంపులో డెన్మార్క్, నెదర్లాండ్స్‌ల మధ్య ఇరుక్కున్న జర్మనీకి సమదూర రేఖలు చిన్న ముక్క మిగిల్చాయి. 1969లో అంతర్జాతీయ న్యాయస్థానం సమదూర పద్ధతి తప్పనిసరి కాదని, సమన్యాయ సూత్రాల ప్రకారం పంచుకోవాలని చెప్పింది. ఆ తీర్పు ఆసరాతో 1971లో జర్మనీ పొరుగు దేశాలతో ఒప్పందాలు చేసుకుని ఉత్తర సముద్రం మధ్యదాకా వాటా సాధించింది. బంగ్లాదేశ్ ప్రతినిధులు ప్రతి చర్చలోనూ ఈ ఉదాహరణనే ముందుపెట్టారు.

మిగతా పొరుగు దేశాలతో భారత్ చర్చలు ఇంత కష్టపడలేదు. శ్రీలంకతో 1974, 1976 ఒప్పందాలు, ఇండోనేషియాతో 1974 ఒప్పందం, థాయిలాండ్‌తో 1978 ఒప్పందం, బర్మాతో 1986 ఒప్పందం కుదిరాయి. అక్కడ తీరాలు ఎదురెదురుగానో, ద్వీపాల మధ్యనో ఉండటంతో సమదూరం ఇరుపక్షాలకూ పెద్దగా నష్టం కలిగించలేదు. బంగ్లాదేశ్, బర్మాలు కూడా 1974 నవంబరులో, బంగ్లాదేశ్‌కు చెందిన సెయింట్ మార్టిన్ ద్వీపం చుట్టూ ప్రాదేశిక జలాల గీతపై ఒక అవగాహనకు వచ్చి, చర్చల సారాంశ పత్రంపై సంతకాలు చేశాయి. కానీ అది ఒప్పందంగా మారలేదు. ఆ కాగితం ఒప్పందమేనని బంగ్లాదేశ్, కాదని మయన్మార్ తర్వాత మూడున్నర దశాబ్దాలు వాదించుకున్నాయి.

తేలి మునిగిన లంక

1970 నవంబరులో వచ్చిన భోలా తుఫాను తర్వాత హరియాభంగా మొగకు కాస్త దూరంలో ఒక కొత్త దిబ్బ బయటపడింది. ఉపగ్రహ చిత్రాల్లో కనబడ్డాక భారత్‌లో దానికి న్యూ మూర్ అని, పశ్చిమ బెంగాల్‌లో పూర్బాశా అని పేర్లు పెట్టుకున్నారు. బంగ్లాదేశ్ దాన్ని దక్షిణ తాల్‌పట్టి అంది. మనుషులు లేని, సముద్రమట్టానికి రెండు మీటర్ల ఎత్తు కూడా లేని ఆ ఇసుక లంక ఒక్కసారిగా రెండు దేశాల ప్రతిష్ఠకు గుర్తుగా మారిపోయింది. ప్రధాన పాయ దిబ్బకు తూర్పున పారితే లంక భారత్‌ది, పడమట పారితే బంగ్లాదేశ్‌ది. అది ఎవరిదైతే సముద్రంలో కొన్ని వేల చదరపు కిలోమీటర్లు కూడా వారివైపు మొగ్గుతాయని ఇద్దరూ భావించారు.

1981లో భారత నౌకాదళ సర్వే నౌక సంధాయక్ అక్కడికి వెళ్లింది. లంకపై భారత జెండా ఎగిరింది. బంగ్లాదేశ్ గన్‌బోట్లను పంపి నిరసన తెలిపింది. తుపాకులు పేలలేదు గానీ చర్చలు చాలాకాలం స్తంభించాయి. ఆ తర్వాత సముద్రమే తీర్పు చెప్పింది. దిబ్బ క్రమంగా అరిగిపోయింది. 2010లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ సముద్ర శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి, అది పూర్తిగా మునిగిపోయిందని ప్రకటించారు. రెండు దేశాలు ముప్పై ఏళ్లు తగవులాడుకున్న నేల ఇప్పుడు కనబడదు.

గ్యాస్ వాసన, యుద్ధనౌకలు

2000 దశాబ్దం బంగాళాఖాతం విలువను మార్చేసింది. 2002లో కృష్ణా–గోదావరి బేసిన్ లోతునీటిలో రిలయన్స్ పెద్ద గ్యాస్ నిక్షేపాన్ని కనుగొంది. 2004 జనవరిలో మయన్మార్‌లోని రఖైన్ తీరానికి ఎదురుగా దక్షిణ కొరియా కంపెనీ దేవూ, ష్వే గ్యాస్ క్షేత్రాన్ని కనుగొంది. ఈ రెండింటి మధ్య ఉన్న బంగ్లాదేశ్‌కు అప్పట్లో సముద్రంలో నడుస్తున్నది సాంగు అనే ఒక్క చిన్న క్షేత్రమే. విద్యుత్తు, ఎరువులు, కర్మాగారాలు ఎక్కువగా గ్యాస్ మీదే నడిచే ఆ దేశంలో భూమి మీది నిల్వలు తరిగిపోతున్నాయి. తూర్పునా పడమటా పొరుగువారు గ్యాస్ తోడుకుంటుంటే తన బ్లాకుల మీద మాత్రం ఇరువైపుల నుంచి అభ్యంతరాలు వస్తూనే ఉండేవి.

2008 నవంబరులో వ్యవహారం ముదిరింది. సెయింట్ మార్టిన్ ద్వీపానికి నైరుతిగా, రెండు దేశాలూ తమవే అంటున్న జలాల్లో దేవూ కంపెనీ తవ్వకానికి దిగింది. మయన్మార్ నౌకాదళం దానికి కాపలాగా వచ్చింది. బంగ్లాదేశ్ తన యుద్ధనౌకలను పంపింది. కొన్ని రోజులు ఇరుసేనలు ఒకరినొకరు చూసుకుంటూ నిలిచాయి. దౌత్య ప్రయత్నాలు జరిగాక రిగ్గు వెనక్కి వెళ్లింది. చర్చలు మళ్లీ మొదలయ్యాయి, కానీ ఎవరి పట్టు వారిదే.

ఒక గడువు కూడా తరుముకొచ్చింది. 200 మైళ్లకు ఆవల ఖండతీరపు అంచు కోరే దేశాలు, ఒడంబడికలో చేరిన పదేళ్లలోగా ఐక్యరాజ్యసమితి సంఘానికి ఆధారాలు సమర్పించాలి. మయన్మార్ 2008 డిసెంబరులో, భారత్ 2009 మేలో తమ దాఖలాలు ఇచ్చాయి. రెండూ బంగ్లాదేశ్ తనదనుకున్న ప్రాంతాన్ని కమ్ముకున్నాయి. 2009 అక్టోబరు 8న బంగ్లాదేశ్ రెండు దేశాలపైనా ఒకేరోజు ఒడంబడిక ప్రకారం ఆర్బిట్రేషన్ ప్రారంభించింది. పొరుగుతో చర్చలు కొనసాగుతాయని, చట్టం దారిన కూడా న్యాయం వెతుకుతామని అప్పటి విదేశాంగ మంత్రి దీపూ మణి ప్రకటించారు. మయన్మార్‌తో కేసు ఉభయుల సమ్మతితో జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రైబ్యునల్‌కు మారింది. భారత్‌తో కేసు అయిదుగురు సభ్యుల ఆర్బిట్రేషన్ మండలి ముందే నిలిచింది. దాని కార్యాలయ పనులు హేగ్‌లోని శాశ్వత ఆర్బిట్రేషన్ కోర్టు చూసింది.

హాంబర్గ్, 2012

2012 మార్చి 14న హాంబర్గ్ తీర్పు వెలువడింది. ఆ ట్రైబ్యునల్ సముద్ర సరిహద్దు గీసిన మొదటి కేసు అదే. 21–1 ఓట్లతో న్యాయమూర్తులు మూడు మెట్ల పద్ధతి పాటించారు. ముందుగా తాత్కాలిక సమదూర రేఖ గీయాలి. తర్వాత తీరం ఆకారం వంటి పరిస్థితులు అన్యాయానికి దారితీస్తే దాన్ని సవరించాలి. చివరగా తీరాల పొడవుకూ, దక్కిన వైశాల్యానికీ మధ్య మరీ పొంతన లేకుండా పోలేదని సరిచూడాలి.

తీరం పుటాకారం వల్ల సమదూర రేఖ బంగ్లాదేశ్‌ను సముద్రం నుంచి నరికేస్తోందని ట్రైబ్యునల్ ఒప్పుకుంది. రేఖను 215 డిగ్రీల దిశకు వాల్చింది. సెయింట్ మార్టిన్ ద్వీపం విషయంలో ఒక తూకం పాటించింది. జనం నివసించే ఆ పగడపు దీవికి పూర్తిగా 12 మైళ్ల ప్రాదేశిక జలాలు ఇచ్చింది. ఆర్థిక మండలి గీతను మాత్రం దాని వల్ల వంచలేదు. మయన్మార్ తీరానికి ఎదురుగా ఉన్న ఒక చిన్న దీవి మొత్తం గీతను తిప్పేస్తే అది కూడా అన్యాయమేనని అభిప్రాయపడింది.

బంగ్లాదేశ్ వాదనల్లో ఒకటి నిలవలేదు. సముద్రగర్భపు ఒండ్రు హిమాలయాల నుంచి తమ నదులే తెచ్చాయి, మయన్మార్ తీరం భూగర్భంలో వేరే పలక మీద ఉంది, కాబట్టి 200 మైళ్ల ఆవల దానికి హక్కు లేదని బంగ్లాదేశ్ అంది. భూగర్భ శాస్త్రం హక్కును నిర్ణయించదని ట్రైబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చింది. అయితే 200 మైళ్ల ఆవల కూడా గీత తానే గీసింది. అలా చేసిన మొదటి అంతర్జాతీయ న్యాయపీఠం అదే. లెక్కలోకి తీసుకున్న ప్రాంతంలో బంగ్లాదేశ్‌కు సుమారు 1,11,631 చదరపు కిలోమీటర్లు, మయన్మార్‌కు సుమారు 1,71,832 చదరపు కిలోమీటర్లు వచ్చాయి. రెండు రాజధానుల్లోనూ తీర్పుకు స్వాగతమే లభించింది.

ఆ ధర్మాసనంలో తెలుగువారైన పాటిబండ్ల చంద్రశేఖరరావు ఒకరు. భారత ప్రభుత్వ న్యాయశాఖ కార్యదర్శిగా పనిచేసి, 1996లో ట్రైబ్యునల్ ఏర్పడినప్పుడు న్యాయమూర్తి అయ్యారు. 1999 నుంచి 2002 వరకు దాని అధ్యక్షుడిగా ఉన్నారు. ఈ కేసులో మరో ఇద్దరు న్యాయమూర్తులతో కలిసి గీత గీసే పద్ధతిపై ఒక ఉమ్మడి ప్రకటన చేశారు.

హేగ్, 2014

భారత్ కేసులో ఆర్బిట్రేషన్ మండలికి జర్మన్ న్యాయవేత్త రూడిగర్ వోల్ఫ్రమ్ అధ్యక్షుడు. భారత్ నియమించిన సభ్యుడు పెమ్మరాజు శ్రీనివాసరావు. ఆయనా తెలుగువారే, విదేశాంగ శాఖలో న్యాయ సలహాదారుగా సుదీర్ఘకాలం పనిచేశారు. 2013 అక్టోబరులో మండలి సభ్యులు స్వయంగా బంగాళాఖాతానికి వచ్చి నది మొగను, తీరాన్ని చూశారు. దక్షిణ తాల్‌పట్టి ఉన్నదన్న చోట అది ఎప్పుడూ నీటి కిందే ఉందా, ఆటు వేళ మాత్రమే బయటపడుతుందా అన్నది కంటితో చూసినా తేలలేదు. అలాంటి దిబ్బను గీతకు ఆధారంగా తీసుకోలేమని మండలి నిర్ణయించింది.

తీరం రేపు మారిపోతుంది కనుక నేటి తీరంపై బిందువులు ఎంచుకోవద్దని, తిన్నగా దక్షిణానికి, అంటే 180 డిగ్రీల దిశలో గీత గీయాలని బంగ్లాదేశ్ కోరింది. గీత గీసే నాడు ఉన్న తీరమే ప్రమాణమని మండలి చెప్పింది. వాతావరణ మార్పుల వల్ల తీరాలు మారినా, ఒకసారి స్థిరపడిన సముద్ర సరిహద్దులు చెదరిపోకూడదని స్పష్టం చేసింది. సముద్రమట్టం పెరుగుతున్న ఈ శతాబ్దంలో తీరదేశాలన్నింటికీ పనికివచ్చే మాట అది.

2014 జూలై 7న తీర్పు వచ్చింది. భూసరిహద్దు కడలిని తాకే బిందువును మండలి మొదట ఖరారు చేసింది. తర్వాత సమదూర రేఖ గీసి, తీరం వంపును దృష్టిలో పెట్టుకుని 177 డిగ్రీల 30 నిమిషాల దిశకు సవరించింది. మొత్తం 4,06,833 చదరపు కిలోమీటర్లలో భారత్‌కు 3,00,220, బంగ్లాదేశ్‌కు 1,06,613 దక్కాయి. నిజంగా వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో మాత్రం 19,467 బంగ్లాదేశ్‌వైపు వచ్చాయి. మునిగిపోయిన తాల్‌పట్టి ఉన్న చోటు భారత్‌వైపు వచ్చింది. శ్రీనివాసరావు భూసరిహద్దు బిందువు, ప్రాదేశిక జలాల విషయంలో సహచరులతో ఏకీభవించారు. గీతను వాల్చిన తీరుతోనూ, దాని పర్యవసానాలతోనూ విభేదించి విడిగా అభిప్రాయం రాశారు. అయినా భారత ప్రభుత్వం తీర్పును గౌరవిస్తామని చెప్పి అంగీకరించింది. బలమైన పొరుగు దేశం తన వాటా తగ్గించే తీర్పుకు తలవంచడం అంతర్జాతీయ రాజకీయాల్లో తరచుగా కనిపించేది కాదు.

గీత తర్వాత మిగిలిన చర్చ

శ్రీనివాసరావు అభ్యంతరం చెప్పిన పర్యవసానం నేటికీ పరిష్కారం కోసం ఎదురుచూస్తోంది. వాల్చిన గీతకు తూర్పున, బంగ్లాదేశ్ తీరానికి 200 మైళ్ల ఆవల, భారత్ తీరానికి 200 మైళ్ల లోపల ఒక ప్రాంతం ఏర్పడింది. అక్కడ సముద్రపు అడుగు బంగ్లాదేశ్‌ది, పైనున్న నీరు భారత్‌ది. మయన్మార్‌తోనూ ఇలాంటి ప్రాంతం మిగిలింది. అడుగున గ్యాస్ తవ్వేవారికి పైన చేపలు పట్టేవారి సహకారం కావాలి. ఎలా సర్దుకోవాలో దేశాలే మాట్లాడుకోవాలని న్యాయపీఠాలు వదిలేశాయి. 200 మైళ్ల ఆవల వాటాపై బంగ్లాదేశ్ 2020లో సవరించిన దాఖలా ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి సంఘంలో ఆ వ్యవహారం ఇంకా నడుస్తోంది.

గ్యాస్ విషయంలో సఖ్యతకు దారి దొరికింది. 2014 ఫిబ్రవరిలోనే భారత ప్రభుత్వ రంగ సంస్థలు ఓఎన్‌జీసీ విదేశ్, ఆయిల్ ఇండియా, బంగ్లాదేశ్ జలాల్లోని రెండు బ్లాకుల్లో అన్వేషణకు ఒప్పందం చేసుకున్నాయి. వాటి బావిలో గ్యాస్ దొరకలేదు. 2024లో బంగ్లాదేశ్ కొత్త బ్లాకులకు పిలిచిన టెండర్లకు ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు. గీత హక్కును మాత్రమే ఇచ్చింది. నిక్షేపం, ధర, పెట్టుబడి వేరే సంగతులు.

చేపలకు గీతలు తెలియవు. బంగ్లాదేశ్‌లో ఇలిష్ అనేదే మన గోదావరిలోకి ఎదురీదితే పులస అవుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రంలో వేట ఆపకపోతే మరుసటి ఏడాది అవి ఎవరి వలలోనూ పడవు. భారత తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. బంగ్లాదేశ్ మాత్రం మే 20 నుంచి 65 రోజులు ఆపేది. ఒకరు వల కట్టిపెట్టిన రోజుల్లో మరొకరు వల వేస్తున్నారని అక్కడి జాలరులు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నాక, 2025లో బంగ్లాదేశ్ తన నిషేధాన్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 వరకు మార్చింది. ఇది ఒప్పందం కాదు, ఒక సర్దుబాటు. అయినా రెండు వైపులా పడవలు ఒకేసారి ఒడ్డున ఉంటే చేపకు కాస్త ఊపిరి దొరుకుతుంది.

వేటలో దారి తప్పే మనుషుల పట్ల మాత్రం ఇంకా అలాంటి సర్దుబాటు రాలేదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన పడవలు గాలికి, ప్రవాహానికి కొట్టుకుపోయి గీత దాటిన సందర్భాలున్నాయి. 2019లో విజయనగరం జిల్లా మత్స్యకారులు కొందరు బంగ్లాదేశ్ జలాల్లో పట్టుబడి నెలల తరబడి అక్కడి జైల్లో గడిపారు. న్యాయపీఠం గీసిన గీత మ్యాపుపై డిగ్రీలు, నిమిషాల్లో ఉంటుంది. చిన్న పడవలో వెళ్లే కూలీకి అది అలల మీద కనిపించదు. వంపు తీరం మీద మూడు దేశాలు నలభై ఏళ్లలో తేల్చుకున్నది ఏ నీరు ఎవరిది అన్నదే. ఆ నీటిలో కలిసి బతకడం ఎలాగన్నది మాట్లాడుకుంటూనే ఉండాలి.